మ్యాపులోకి నడిచి వెళ్ళిన మనిషి

"ముందు మీకొచ్చిన కల చెప్పండి," అంది డిటెక్టివ్.

పళ్ళ డాక్టరు ఆమెను ఎగాదిగా చూశాడు. నిన్న సాయంత్రం నుంచి పోలీసులు అతన్ని అడగని ప్రశ్న లేదు. ఎంత తాగారు, ఎవరు పోశారు, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు, అన్నీ అడిగారు. కల గురించి మాత్రం ఎవరూ అడగలేదు.

"స్నేహితుడు కనిపించడం లేదండీ. మా నలుగురి పాస్‌పోర్టులూ కనిపించడం లేదు. ఎక్కాల్సిన ఫ్లైటు రాత్రే వెళ్ళిపోయింది. ఇప్పుడు కలలు దేనికి?"

"మిగతావన్నీ ఇన్‌స్పెక్టరుగారు చూసుకుంటున్నారు. ఆయన వదిలేసినవి నేను ఏరుకుంటున్నాను."

కింద లాండ్రీలో యంత్రాలు తిరుగుతున్నాయి. వాటి అదురుకి మేడమీది ఈ గది నేల సన్నగా వణుకుతూ ఉంటుంది. కాసేపు కూర్చుంటే నది మధ్యలో ఆగిన పడవలో ఉన్నట్టనిపిస్తుంది. కిటికీ అద్దాలకు పట్టిన ఆవిరి వల్ల వెలుగు కూడా పాలు కలిపినట్టు తెల్లగా, మెత్తగా లోపలికి వస్తోంది. రాత్రంతా నిద్రపోయి వచ్చినవాళ్ళకు కూడా ఈ గదిలో రెప్పలు బరువెక్కుతాయి. డిటెక్టివ్‌కు నిద్ర చాలలేదు. తెల్లవారుతూనే పీపా భార్య ఆమె తలుపు తట్టింది.

పీపా అన్నది ముద్దుపేరు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మనిషి గుండ్రంగా ఉంటాడు, ఇంట్లో బీరు తనే కాస్తాడు, కాబట్టి ఆ పేరు రెండు విధాలా అతికింది. అతనూ, పళ్ళ డాక్టరూ, ఒక జాగ్రఫీ టీచరూ, గోడలకు రంగుల కాగితాలు అతికించే పనిచేసే మరొక మిత్రుడూ కాలేజీ రోజుల నుంచి ఒక జట్టు. నలుగురూ కలిసి ఈ గది అద్దెకు తీసుకుని ప్రతి ఆదివారం ఇక్కడ చేరేవారు. చేరి చేసే పని ఒక్కటే. సముద్రాల అవతల ఒక ఊళ్ళో ఏటా జరిగే బీరు ఉత్సవానికి ఎప్పటికైనా వెళ్ళాలని ప్లాను వెయ్యడం. ఏ రోజు ఏ డేరాలో కూర్చోవాలి, హోటల్లో గురకపెట్టే డాక్టరు పక్కన ఎవరు పడుకోవాలి, వాన వస్తే ఏం తొడుక్కోవాలి, బ్యాండు మేళం వాయించే పాటల్లో ఏది ఎప్పుడు లేచి నిలబడి పాడాలి. టీచరు నీళ్ళు నింపిన పెద్ద గాజు మగ్గులు రెండు చేతులా పట్టుకుని గదిలో చివరినుంచి చివరికి నడవడం ప్రాక్టీసు చేసింది. అలా ఏళ్ళు గడిచి, ఈ సంవత్సరం నిజంగానే టిక్కెట్లు కొన్నారు.

నిన్న ఆదివారం. పెట్టెలు సర్దుకుని, తలుపు పక్కన వరసగా నిలబెట్టి, ఫ్లైటుకు ఇంకా చాలా టైముందని పీపా జగ్గులో తెచ్చిన బీరు తాగడానికి కూర్చున్నారు. అందరికీ నిద్ర ముంచుకొచ్చింది. చీకటి పడే వేళకు మెలకువ వస్తే పీపా కుర్చీ ఖాళీ. పాస్‌పోర్టులు పెట్టిన సొరుగు ఖాళీ. అతని పెట్టె మాత్రం పెట్టినచోటే ఉంది. కిందికి ఒకటే మెట్ల దారి. ఆ మెట్ల మొదట్లో కూర్చుని మధ్యాహ్నమంతా ఇస్త్రీ చేసిన లాండ్రీ యజమానురాలు పైనుంచి ఎవ్వరూ దిగలేదని ఒట్టేసి చెబుతోంది.

"కల," అని గుర్తుచేసింది డిటెక్టివ్.

డాక్టరు నిట్టూర్చాడు. "చిన్నప్పటి కల. మా అమ్మ దండేల మీద దుప్పట్లు ఆరేస్తోంది. నేను వాటి మధ్య దాక్కున్నాను. సబ్బు వాసన, తడిబట్టల వాసన. చల్లగాలి వచ్చింది. ఎవరో నన్ను రాసుకుంటూ వెళ్ళారు. అమ్మేమో అనుకున్నాను. అంత హాయిగా నేను నిద్రపోయి ఎన్నాళ్ళయిందో."

"కిటికీ తెరిచి ఉందా?"

"మేమెప్పుడూ తెరవం. తెరిస్తే లాండ్రీ ఆవిరంతా లోపలికొస్తుంది."

"మరి సబ్బు వాసన ఎటునుంచి వచ్చింది?"

డాక్టరు కిటికీ వైపు తిరిగి చూశాడు.

తరువాత టీచరు వచ్చింది. పొడుగాటి మనిషి, కళ్ళ కింద నల్లటి చారలు. కూర్చోగానే చీరకొంగు వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది.

"నవ్వనంటే చెప్తాను."

"నవ్వను."

"పీపా మ్యాపులోకి నడిచి వెళ్ళిపోయాడు."

ఆమె చూపిన వైపు డిటెక్టివ్ కూడా చూసింది. ఎదురుగోడ నిండా, నేల నుంచి పైకప్పు దాకా, ఆ ఊరి మ్యాపు అతికించి ఉంది. ముక్కలు ముక్కలుగా అచ్చువేసి, అతుకు తెలియకుండా కలిపిన పెద్ద మ్యాపు. వీధులు, తోటలు, ఉత్సవం జరిగే మైదానం, ఊరి మధ్యనుంచి వంకర తిరుగుతూ పారే నీలం నది.

"నది దగ్గర గోడ మెత్తబడి వెనక్కి వెళ్ళింది. పీపా తూలుతూ అందులోకి నడిచాడు. పక్కన ఇంకొకరు ఉన్నారు. వీడి భుజం చుట్టూ చెయ్యివేసి, డాన్సు నేర్పుతున్నట్టు, మెల్లగా తీసుకెళ్ళారు. తర్వాత నది మూసుకుపోయింది. నాకు భయం వెయ్యలేదు. నన్ను వదిలేసి వాళ్ళు ముందే వెళ్ళిపోయారేంటని బెంగేసింది."

"పక్కనున్నది ఎవరు?"

"మొహం కనపడలేదు."

అంతవరకూ ప్రతి మాటా తడుముకుంటూ చెప్పిన మనిషి ఈ ఒక్క జవాబూ ప్రశ్న పూర్తవకముందే చెప్పింది.

మూడో మిత్రుణ్ణి అందరూ గైడు అంటారు. రంగుల కాగితాల దుకాణం అతనిది. కాలేజీలో చేరకముందు ఆ ఊళ్ళో రెండేళ్ళు ఉండి వచ్చానని అతను చెబుతాడు. జట్టులో ఆ ఊరు చూసినవాడు అతనొక్కడే. ప్రతి ఆదివారం ఒక కర్ర పట్టుకుని మ్యాపు ముందు నిలబడి, మిగతా ముగ్గురినీ ఒక్కో వీధి వెంట నడిపించేవాడు. సన్నటి మనిషి, గొంతు మాత్రం వెచ్చగా, లోతుగా ఉంటుంది. నిన్నటి చొక్కాయే ఇంకా ఒంటిమీద ఉంది. లోపలికి వచ్చి, మ్యాపుకు వీపు పెట్టి కూర్చున్నాడు.

కల అడగ్గానే కళ్ళు మూసుకున్నాడు.

"వాన అప్పుడే వెలిసింది. నేను వంతెన మీద ట్రాములో ఉన్నాను. కింద నది. దీపాలు నీళ్ళల్లో కరిగిపోతున్నాయి. ట్రాము దిగి తోటలోంచి నడిస్తే దూరంనుంచి బ్యాండు వినిపిస్తోంది. డేరా తలుపు ఎత్తితే లోపలంతా బంగారపు వెలుగు. బల్లల నిండా తెలియని జనం. అందరూ నన్ను చూసి, ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావని అడుగుతున్నట్టు మగ్గులు పైకెత్తారు."

గది నేల మెల్లగా వణుకుతోంది. ఆ గొంతు ఆగిన తరువాత కూడా కాసేపు బ్యాండు వినిపిస్తున్నట్టే ఉంది. డిటెక్టివ్ తల విదిల్చుకుంది.

"చాలా బాగుంది. ఇంకోసారి చెప్తారా?"

చెప్పాడు. వాన వెలిసింది, ట్రాము, దీపాలు నీళ్ళల్లో కరగడం, మగ్గులు పైకెత్తడం. ఒక్క మాట అటూ ఇటూ కాలేదు.

"మీరు ఇక్కడికి పొద్దున్నే వచ్చారట. గదిలో కాసేపు ఒక్కణ్ణే కూర్చుంటానని కానిస్టేబుల్ని రెండుసార్లు బతిమాలారట."

"అలవాటైన చోటు కదండీ." అతను తలుపు వైపు చూశాడు. "ఇన్‌స్పెక్టరుగారు ఎప్పుడు వెళ్తారు?"

అదే సమయానికి ఇన్‌స్పెక్టరు బూట్ల చప్పుడుతో మెట్లెక్కి వచ్చాడు. అతను డిటెక్టివ్ చెల్లెలి భర్త. ఇద్దరూ ఒకే కేసు మీద కలిసినప్పుడల్లా ఆ చెల్లెలు మాత్రం ఎవరికీ ఫోను చెయ్యదు.

"మీరు బయట కూర్చోండి," అని గైడును పంపించి, అతను టోపీ తీసి బల్లమీద పెట్టాడు. "ఏం వదినా, కలలు ఎంతవరకు వచ్చాయి?"

"సగం దూరం వచ్చాయి మరిదిగారూ. మీరో?"

"నేను ఊరు చేరుకున్నాను. జగ్గులో నిద్రమందు ఉందని ల్యాబు వాళ్ళు చెప్పారు. పీపా భార్య రాత్రి షిఫ్టు నర్సు. పగలు నిద్రపట్టక ఆమె వేసుకునే మాత్రలు అవే. ఇంట్లో అట్ట ఖాళీగా ఉంది. బీరు కాచినవాడు పీపా, తెచ్చినవాడు పీపా, పోసినవాడు పీపా, మాయమైనవాడు పీపా. ఇంతకంటే తేలికైన కేసు నా సర్వీసులో రాలేదు. విమానాశ్రయంలో మనుషుల్ని పెట్టాను. ఆమెను కింద కూర్చోబెట్టాను, ఇప్పుడు స్టేషనుకు తీసుకెళ్తున్నాను."

"మాత్రల అట్ట ఖాళీ అయిందని మీకు చెప్పిందే ఆమె. తప్పు చేసిన మనిషి ఆ మాట చెప్తుందా?"

"తెలివైనదైతే చెప్తుంది."

"పీపా తన బీరులో మందు కలపడు. నురగ సరిగ్గా రాలేదని ఆ రోజంతా అలిగి పడుకునే మనిషట. అలాంటివాడు ఎవరి బీరులోనైనా కలుపుతాడేమో గానీ తన బీరులో కలపడు."

"అది మీ అభిప్రాయం. నా దగ్గరున్నది ల్యాబు రిపోర్టు."

"పెట్టె ఇక్కడే వదిలేసి, మెట్లు దిగకుండా, ఎలా వెళ్ళాడు?"

"లాండ్రీ ఆవిడ కునుకు తీసుంటుంది. ఆ ఆవిరిలో ఎవరైనా తీస్తారు." ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించాడు. "వదినా, మీరు పెద్దవారు. మీ మీద గౌరవం ఉంది. కానీ ఛార్జిషీటులో నేను మ్యాపులోకి వెళ్ళిపోయాడని రాయలేను."

"రాయొద్దు. ఆ మ్యాపు చూసేదాకా ఆమెను తీసుకెళ్ళకండి, అంతే."

"చూశాను. కాగితం."

"మీరు నిలబడి చూశారు."

ఆమె లేచి వెళ్ళి గోడ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. సంచిలోంచి భూతద్దం తీసి, చంటిపిల్లాడి మొహం తుడిచినంత నెమ్మదిగా మ్యాపు అంచులు తడుముతూ పోయింది. పనితనం గొప్పగా ఉంది. ఎక్కడా బుడగ లేదు, ముడత లేదు. కింది మూలలో గుర్తుల పట్టిక దగ్గర ఆమె చాలాసేపు ఆగింది. తరువాత నది దగ్గరికి వచ్చింది. నీలం రంగు అంచు వెంట గోరు పోనిచ్చింది. నదికి ఒక ఒడ్డున కాగితం గోడను కరుచుకుని ఉంది. రెండో ఒడ్డున గోరు లోపలికి దిగింది. నది ఎలా వంకర తిరిగిందో అలాగే వంకర తిరుగుతూ, నేల నుంచి మనిషి ఎత్తు దాకా, బ్లేడుతో కోసిన గీత. కన్నుకు కనపడదు. ముక్కు దగ్గరగా పెడితే ఆ సందులోంచి చల్లగా సబ్బు వాసన.

వేళ్ళతో కొట్టింది. బోలుగా మోగింది.

ఇన్‌స్పెక్టరు టోపీ తీసుకోబోయిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. "తలుపా?"

"వాళ్ళ ముగ్గుర్నీ పిలవండి. నర్సమ్మను కూడా."

నలుగురూ వచ్చి నిలబడ్డారు. పీపా భార్య డ్యూటీ దుస్తుల్లోనే ఉంది. ఏడ్చిన కళ్ళు కావు, నిద్రలేని కళ్ళు. డిటెక్టివ్ ఎవరివైపూ తిరగకుండా గైడు వైపు తిరిగింది.

"మీరు తెరుస్తారా, మేం చింపాలా?"

అతను మ్యాపు వంక చూడలేదు. నేల వంక చూస్తూ ముందుకు వచ్చాడు. రెండు వేళ్ళు నది మీద ఆనించి కొద్దిగా నొక్కాడు. లోపల ఎక్కడో గడియ కదిలింది. నది రెండుగా విడిపోయి, ఒక ఒడ్డు మెత్తగా వెనక్కి వెళ్ళింది.

లోపల సన్నటి గది. ఒకప్పుడు సామాన్లు పెట్టుకునేదేమో, కిటికీ లేదు. ఎదురుగోడకు ఇనుప జాలీ ఉంది. జాలీ అవతల లాండ్రీ వాళ్ళు బట్టలారేసే పెద్ద హాలు. తెల్లటి దుప్పట్లు వరసలు వరసలుగా వేలాడుతూ, ఎవరో ఊపిరి తీస్తున్నట్టు ఉబ్బుతూ, మళ్ళీ కుంగుతున్నాయి. వాటి నీడలు ఇవతలి గోడ మీద ఈదుతున్నాయి. ఒక కుర్చీ, ఆ కుర్చీ మీద నాలుగు పాస్‌పోర్టులు, పక్కన పాత యాత్రా పత్రికల గుట్ట. కుర్చీ కింద నేలమీద, వాన కోట్లు పరిచిన పక్క మీద, పీపా పడుకుని ఉన్నాడు. తల కింద మడతపెట్టిన స్వెట్టరు. గడ్డం దాకా మరో కోటు కప్పి, కాళ్ళ దగ్గర అంచులు లోపలికి దోపి ఉన్నాయి. పక్కన గ్లాసులో నీళ్ళు, ముట్టుకోకుండా.

నర్సు అందరినీ తోసుకుని వెళ్ళి అతని మణికట్టు పట్టుకుంది. ఆమె పెదవులు లెక్కపెడుతున్నాయి.

"ఉన్నాడు," అంది. "నాడి చాలా మెల్లగా ఉంది. ఒళ్ళు చల్లబడింది. అంబులెన్సు పిలవండి."

ఇన్‌స్పెక్టరు అప్పటికే ఫోనులో మాట్లాడుతున్నాడు. టీచరు కూలబడి పీపా పాదాలు ఒళ్ళోకి తీసుకుని రుద్దడం మొదలుపెట్టింది. డాక్టరు తన కోటు విప్పి కప్పాడు. గైడు గుమ్మంలో, తెరుచుకున్న నదికి ఆనుకుని నిలబడ్డాడు.

"రాత్రంతా," అన్నాడు ఇన్‌స్పెక్టరు ఫోను పెట్టేసి. "రాత్రంతా మనిషి ఇక్కడ పడి ఉంటే నోరు విప్పలేదు నువ్వు."

"పొద్దున్నే వచ్చాను. లోపలికి రానివ్వలేదు."

"చెప్తే రానిచ్చేవాళ్ళం కదా."

"చెప్తే ఎందుకు చేశావని అడుగుతారు."

"ఎందుకు చేశారు?" అంది డిటెక్టివ్. గైడు తల దించుకున్నాడు. ఆమే మెల్లగా చెప్పింది. "వంతెన మీద ట్రాము. మీ కలలో మీరు ఎక్కింది. మ్యాపులో ఆ వంతెన మీద ట్రాము గీత ఉంది, నిజమే. కానీ అది చుక్కల గీత. చుక్కల గీతలంటే వెయ్యాలనుకుంటున్న లైన్లని మూలన పట్టికలో రాసి ఉంది. మ్యాపు అచ్చయ్యేనాటికి ఆ లైను లేదు. మీరు ఉన్నానన్న రోజులు అంతకంటే చాలా ముందు. లేని ట్రాములో మీరెలా ఎక్కారు?"

దుప్పట్లు ఉబ్బాయి, కుంగాయి.

"నేను ఆ ఊరు చూళ్ళేదు," అన్నాడు గైడు. వెచ్చటి గొంతు కాదది, ఎండిపోయిన గొంతు. "ఏ ఊరూ చూళ్ళేదు. కాలేజీలో ఒకసారి గొప్పకోసం చెప్పాను. మీరు నమ్మారు. తర్వాత ఆదివారం ఇంకాస్త అడిగారు. ఈ గోడకు కాగితం అతికించేటప్పుడు ఈ గది కనపడింది. మీరు వెళ్ళాక ఇక్కడ కూర్చుని చదువుకునేవాణ్ణి, వచ్చేవారం చెప్పడానికి. బాగుండేది. నిజంగా వెళ్తారని ఎప్పుడూ అనుకోలేదు. టిక్కెట్లు కొన్నారు. విమానం దిగాక స్టేషన్లోంచి ఎటు నడవాలో నాకు తెలీదు. మీరు ముగ్గురూ పెట్టెలు పట్టుకుని నా వెనక నిలబడి ఉంటారు. రోజూ అదే కనపడేది."

"నాకు తెలుసు," అంది టీచరు, పీపా పాదాలు వదలకుండానే.

గైడు తల ఎత్తాడు.

"పిల్లలకు మ్యాపులు చదవడం నేర్పి జీతం తీసుకునేదాన్నిరా. చుక్కల గీత నాకు కనపడదా? నువ్వు మొదటిసారి ఆ ట్రాము ఎక్కినరోజే తెలుసు. నువ్వు చెప్తుంటే బాగుండేది. ఇంటికెళ్ళి పడుకుంటే ఆ వీధుల్లోనే తిరిగేదాన్ని. నిన్న నిన్ను చూశాను కూడా. కలలో చూసినదానికి నిన్ను పట్టివ్వమంటావా?"

"నాకు ఎవరూ చెప్పలేదే," అన్నాడు డాక్టరు. ఇన్నేళ్ళూ అతను నమ్ముతూనే వచ్చాడు. అతని మొహంలో కోపం కంటే ఎక్కువగా, ఆటలోకి తనను పిలవని పిల్లవాడి చిన్నబోవడం కనిపించింది.

ఇన్‌స్పెక్టరు ఒక అడుగు ముందుకు వేశాడు. "ఇదంతా కోర్టులో చెప్పుకోండి. ముగ్గురికి నిద్రమందు పెట్టి, పాస్‌పోర్టులు దొంగిలించి, మనిషిని దాచి..."

"మందా?" అన్నాడు గైడు. "ఏ మందు?"

"జగ్గులో కలిపిన మందు."

"నేనేం కలపలేదు. నాకు భయంతో గొంతు దిగక తాగలేదు, తాగినట్టు నటించి సింకులో పారబోశాను. ఏంచెయ్యాలో తోచక కూర్చునుంటే వీళ్ళు ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు వాలిపోయారు. బీరు ఎక్కువైందనుకున్నాను. దేవుడే ఒక దారి చూపించాడనుకున్నాను. పాస్‌పోర్టులు తీసుకుని ఇటు వచ్చాను. వెనక్కి తిరిగితే పీపా నిలబడి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాడు గానీ నిద్రలోనే ఉన్నాడు. పట్టుకుని వెనక్కి తీసుకెళ్దామనుకున్నాను. రెండడుగులు వేశాడు, ఇక్కడే కూలిపోయాడు. నా వల్ల కాలేదు, లాగలేకపోయాను. లేచాక వాడే వస్తాడులే, నాలుగు తిట్టి ఊరుకుంటాడులే అనుకున్నాను. అంతలో మీరొచ్చి గదికి తాళం వేశారు."

"కథలు చెప్పడంలో నీకు ఎలాగూ పేరుంది," అంటూ ఇన్‌స్పెక్టరు అతని చెయ్యి పట్టుకున్నాడు.

ఇప్పటిదాకా డిటెక్టివ్ మనసులో ఒక్కొక్కటిగా చేరినవి ఎక్కడో ఒకచోట అతకడం లేదు. ఈ మనిషి అబద్ధమాడితే ఎంత అందంగా ఆడతాడో గంట క్రితం విన్నది. ఈ మాటల్లో అందం లేదు. మందు ఇతను కలపకపోతే, నర్సు కలపకపోతే, నిద్రలో పడిపోయిన టీచరూ డాక్టరూ కలపకపోతే...

పీపా గొంతులోంచి గుర్రుమని శబ్దం వచ్చింది.

"లేస్తున్నాడు," అంది భార్య. రెండు చేతులతో అతని చెంపలు తట్టింది. "ఇటు చూడండి. నన్ను చూడండి."

అతని రెప్పలు కొద్దిగా విడివడ్డాయి. జాలీలోంచి వస్తున్న తెల్లటి వెలుగు ఆ కళ్ళల్లో ఈదింది. చూపు ఎవరి మీదా నిలవలేదు.

"ఫ్లైటు," అన్నాడు.

"ఏంటి?"

"ఫ్లైటు వెళ్ళిపోయిందా?"

"వెళ్ళిపోయింది. రాత్రే వెళ్ళిపోయింది. మీరు బాధపడకండి."

"హమ్మయ్య," అన్నాడు పీపా.

గదిలో ఆ మాట అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. ముందు అర్థమైంది డిటెక్టివ్‌కు. ఆమె అతని పక్కన కూర్చుని, చెవి దగ్గర నోరుపెట్టి అడిగింది. "మాత్రలు మీరే వేశారా?"

"ఊఁ." నిద్రలోంచే నవ్వినట్టు పెదవులు కదిలాయి. "వాడికి చెప్పకండి. పాపం, నెల రోజుల నుంచి తిండి తినడం లేదు వాడు. అక్కడికి పోతే వాడి పరువు పోతుంది. నేనే ఆపుదామనుకుంటే ఏం వంక దొరకలా. అందరం పడుకుంటే ఎవరి తప్పూ ఉండదు కదా. జగ్గులో మిగిలింది పారబొయ్యబుద్ధి కాలేదు. మంచి బీరు. నేనే తాగేశాను."

భార్య చెయ్యి అతని చెంప మీదే ఆగిపోయింది. టీచరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు.

ఇన్‌స్పెక్టరు గైడు చెయ్యి వదిలేశాడు. చాలాసేపు గొంతు సవరించుకున్నాక, తగ్గుస్వరంతో అన్నాడు. "బీరులో కలిపింది పీపాయే అని నేను ముందే చెప్పాను వదినా."

"చెప్పారు," అంది డిటెక్టివ్. "నేనే తప్పు."

ఆ ఒప్పుకోలు అతనికి ఆశించినంత రుచిగా లేదు. టోపీ చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు.

పీపా రెప్పలు మళ్ళీ వాలిపోయాయి. నర్సు మణికట్టు పట్టుకుంది. ఆమె మొహం మారింది.

"మళ్ళీ పడిపోతోంది నాడి. నిద్రపోనివ్వకూడదు. అంబులెన్సు వచ్చేదాకా ఎవరైనా మాట్లాడుతూనే ఉండండి. మాట వినపడుతుంటే మనిషి ఇటువైపు ఉంటాడు. ఎవరైనా సరే, ఏదైనా సరే."

డాక్టరూ టీచరూ గైడు వైపు చూశారు. ఇన్ని ఆదివారాలు గంటల తరబడి మాట్లాడి వాళ్ళను కూర్చోబెట్టిన మనిషి అతనే.

గైడు వచ్చి పీపా తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. స్నేహితుడి తల ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. నోరు తెరిచాడు. ఆ ఊళ్ళోని వీధి ఒక్కటి కూడా నోటికి రాలేదు.

"ఒరేయ్," అన్నాడు. "విను. నేను ఆ ఊరు వెళ్ళలేదురా. ఎప్పుడూ వెళ్ళలేదు. ఆ రెండేళ్ళూ మా మామయ్య దుకాణంలో జిగురు కలిపాను. రోజంతా అదే పని. చేతులు అతుక్కుపోయేవి. గది కిటికీలోంచి పక్కింటి గోడ తప్ప ఏమీ కనపడేది కాదు. వింటున్నావా? ఆ గోడకు ఒక పగులు ఉండేది. దాన్నే చూస్తూ ఉండేవాణ్ణి. వినరా, పడుకోకు. ఆ పగులు అచ్చం నదిలా ఉండేది."

పీపా కళ్ళు తెరిచాడు. ఈసారి చూపు నిలిచింది. కిందనుంచి, గైడు మొహంలోకి, గుర్తుపట్టి చూశాడు. దూరంగా అంబులెన్సు మోత వినిపిస్తోంది, ఇంకా వీధి మలుపు తిరగలేదు.

"చెప్పేశావా," అన్నాడు బాధగా. "అనవసరంగా చెప్పావు కదరా. ఇంకా సగం ఊరు మిగిలే ఉంది."